నలభై రెండో రోజు: మాలలో తాగుడు మానిన ఒక ఆటోనగర్ మేస్త్రి కేసు

కార్తీక మాసం, బుధవారం రాత్రి పదకొండు దాటాక ఆయన్ని విజయవాడలోని మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఒంటి మీద ఎర్ర బట్టలు, మెడలో భవానీ మాల, నుదుటి మీద చెమటకు కారిపోయిన కుంకుమ. ఇద్దరు పట్టుకుంటే తప్ప నిలబడలేకపోతున్నాడు. కనపడని దారమేదో లాగి ముడి వేస్తున్నట్టు వేళ్లు ఆడిస్తున్నాడు. గోడ మీద నల్ల పురుగులు పాకుతున్నాయని, దులపమని అరుస్తున్నాడు. వెంట వచ్చిన ఒకావిడ "అమ్మ పూనింది డాక్టరమ్మా, రెండు రోజుల నుంచీ ఇదే వరస" అంది.

ఎర్ర బట్టల్లోనే ఉన్న ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. "పూనకం కాదమ్మా. ఆదివారం రాత్రి దాకా తాగాడు. సోమవారం తెల్లవారుజామున నేనే మాల వేశాను. ఇలాంటిది ఇదివరకు ఒకసారి చూశాను, ఆ కుర్రాడు బతకలేదు. ఇది తాగుడు ఒక్కసారిగా ఆపడం వల్ల వచ్చిందే." ఆయన గురుభవాని. చాలా ఏళ్లు లారీ నడిపి మానుకున్న మనిషి. ఆ రాత్రి రోగనిర్ధారణలో సగం పని ఆయనే చేశాడు.

రోగి వయసు 43. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ మేస్త్రి. ఇల్లు కానూరు వైపు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఈ కేసు రాయడానికి భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. షెడ్డులో అందరూ పిలిచినట్టే నేనూ ఆయన్ని ఇక్కడ మేస్త్రి అనే అంటాను.

మూడు రోజుల్లో జరిగింది

మాల వేసుకుంటే మళ్లీ 41 రోజుల దాకా ముట్టకూడదు కాబట్టి, ఆదివారం రాత్రి మామూలు కంటే ఎక్కువే తాగాడు. సోమవారం చన్నీళ్ల స్నానం, మాలధారణ అయ్యాయి. మధ్యాహ్నానికి చేతులు వణికాయి, వాంతులు పట్టుకున్నాయి. ఉపవాసం వల్ల నీరసమనుకున్నారు. మంగళవారం పొద్దున పీఠం దగ్గర కూర్చున్నవాడు ఒక్కసారిగా బిగుసుకుపోయి కొట్టుకున్నాడు. నాలుక తెగింది. చేతిలో తాళాల గుత్తి పెట్టారు. వీధిలో ఉన్న ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజు బాటిల్ ఎక్కించాడు. మంగళవారం రాత్రంతా నిద్ర లేదు. బుధవారానికి పురుగులు, వెల్డింగ్ నిప్పురవ్వలు, గది మూలలో నిలబడ్డ చనిపోయిన తండ్రి కనపడటం మొదలైంది. మధ్యలో అమ్మవారితో కూడా మాట్లాడాడు. దాంతో ఇరుగుపొరుగు వాళ్లు కొబ్బరికాయ కొట్టి హారతిచ్చారు.

మానసిక వైద్యం చదివిన ఎవరికైనా ఈ వరస పుస్తకంలో అచ్చు వేసినట్టు కనిపిస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే, చివరి గ్లాసు తర్వాత ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల వణుకు, చెమట, వాంతి మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేటట్టయితే ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. రెండో రోజు దాటి నాలుగో రోజు లోపల కొందరిలో డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది. మతి చెదిరి, లేనివి కనపడి, జ్వరం, గుండె దడ ముంచుకొస్తాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఇంట్లో వాళ్లకు మాత్రం తాగినన్నాళ్లూ తిరుగుతూ ఉన్న మనిషి, దేవుడి పేరు చెప్పి మానేసిన మూడో రోజుకే పిచ్చివాడయ్యాడనిపిస్తుంది. మానడమే జబ్బు తెచ్చిందని వాళ్ల తలలోకి రాదు. రావాలని అనుకోవడం కూడా అన్యాయమే, ఎందుకంటే ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

ఎందుకిలా జరుగుతుందో మేస్త్రికి తర్వాత ఆయన పని భాషలోనే చెప్పాను. లోడు ఎక్కువ వేస్తారని అదనంగా స్ప్రింగు పట్టీలు వేయించిన లారీ ఖాళీగా వెళితే గతుకు గతుక్కీ ఎగిరిపడుతుంది. మద్యం మెదడును అణచి ఉంచే బరువు. ఆ బరువు కింద పని సాగాలని మెదడు ఏళ్ల తరబడి తన పట్టీలు గట్టి చేసుకుంది. గాబా అనే శాంతపరిచే వ్యవస్థ మొద్దుబారింది, గ్లుటమేట్ అనే ఉరకలెత్తించే వ్యవస్థ బలిసింది. బరువు ఒక్క రాత్రిలో దించేస్తే మెదడు ఎగిరిపడుతుంది. ఆయన కాసేపు ఆలోచించి "అయితే లోడు కొంచెం కొంచెంగా దించాలి" అన్నాడు. చేసే వైద్యమంతా అదే.

వార్డులో

వచ్చేసరికి నాడి 134, జ్వరం 101.8, బీపీ 160/100. కళ్లు పక్కకు తిప్పమంటే అదురుతున్నాయి, అడుగు తడబడుతోంది. విటమిన్ బి1 లోటుతో వచ్చే వెర్నికే జబ్బు అనుమానం బలంగా ఉంది. బి1 లేని ఒంట్లోకి వట్టి గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయి పరిస్థితి ముదరవచ్చు. అందుకని ముందు థయమిన్, అంటే బి1నే, 500 మిల్లీగ్రాములు నరంలోకి, రోజుకు మూడుసార్లు ఇచ్చాం. మెదడును శాంతపరచడానికి లోరజిపామ్ వాడాం. కాలేయం చెడిన వాళ్లలో అది కొంత నయం. పొటాషియం 2.9 ఉంది, మెగ్నీషియం కూడా తక్కువే. రెండూ సరిచేశాం. ఫిట్స్‌లో తల నేలకు తగిలిందన్నారు కాబట్టి సీటీ తీయించాం. రక్తస్రావం లేదు. కాలేయం పరీక్షల్లో ఎస్‌జీఓటీ 148, ఎస్‌జీపీటీ 66, జీజీటీ 410, రక్తంలో ఎర్ర కణాల సైజు 104, అన్నీ ఎక్కువే. చాలాకాలంగా విపరీతంగా తాగుతున్నాడని ఆ కాగితమే చెబుతోంది.

మాల తీసేయాలా అని నర్సు అడిగింది. గురుభవానినే అడగమన్నాను. ఆయన తానే తీసి, ఎర్ర గుడ్డలో చుట్టి తన దగ్గర పెట్టుకున్నాడు. "ఒంట్లో బాగోనప్పుడు అమ్మేమీ అనుకోదు. లేచాక మళ్లీ వేస్తాను" అన్నాడు. ఐదో రోజు ఉదయం మేస్త్రి తన పేరు, ఊరు, వారం సరిగ్గా చెప్పాడు. నిర్ధారణ కాగితం మీద ఎఫ్ 10.4 అని రాశాను. మద్యం ఆగడం వల్ల వచ్చిన డెలీరియం, మతి చెదరడం, అని అర్థం.

ముందు మూడు మాలలు

తేరుకున్నాక ఆయన వాదన ఒక్కటే. "ఇదివరకు మూడుసార్లు మాల వేశాను డాక్టరమ్మా. మూడుసార్లూ 41 రోజులు చుక్క ముట్టలేదు. కావాలంటే మానగలిగినవాణ్ని తాగుబోతునంటే ఎలా?"

ఈ మాట నేను బెజవాడలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. భవానీ మాల, అయ్యప్ప మాల, పేరేదైనా మాట ఇదే. చెప్పే మనిషి అబద్ధం ఆడటం లేదు. నిజంగానే ముట్టలేదు. అందుకే ఆ మాటను కొట్టిపారేయకుండా, ఆ మూడు మాలల్లో మొదటి వారం ఎలా గడిచిందో ఆయన భార్యను ఒక్కొక్కటిగా అడిగాను.

మొదటిసారి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, అంతే. రెండోసారి నాలుగు రోజులు చేతులు వణికాయి, అన్నం ముద్ద నోటి దాకా పోలేదు. మూడోసారి రెండో రోజు కృష్ణలో స్నానం చేస్తూ మెట్ల మీద పడిపోయాడు. చలికి కళ్లు తిరిగాయనుకున్నారు. పడ్డప్పుడు ఒళ్లు కొట్టుకుందా అని అడిగితే ఆవిడ ఒక క్షణం ఆగి, "కొట్టుకున్నాడండీ" అంది. అది ఫిట్సే. తాగడం, ఒక్కసారిగా ఆపడం అనే చక్రం తిరిగిన ప్రతిసారీ మెదడు ఇంకాస్త తేలిగ్గా అంటుకుంటుంది. కిండ్లింగ్ అంటాం దీన్ని. కుంపట్లో మొదటిసారి కష్టపడి రాజేసిన బొగ్గు తర్వాత్తర్వాత ఒక్క ఊదుకే రాజుకున్నట్టు. తాను ఎంత బలంగా మానగలడో చెప్పడానికి ఆయన చూపించిన మూడు మాలల్లోనే జబ్బు ఎలా ముదిరిందో మెట్టు మెట్టుగా కనపడింది.

తాగుడు లెక్క కూడా ఆయన చేతే వేయించాను. 42.8 శాతం ఉండే 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. రోజుకు మూడు క్వార్టర్లు, అంటే 180 గ్రాములు. పొద్దున మొదటిది వణుకు ఆగడానికే. అది పడకపోతే హోల్డర్ నిలబడదు, వెల్డింగ్ వంకర పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్షలో 40కి 31 వచ్చాయి. 20 వచ్చినా ఆధారపడిన దశ కావచ్చని అనుమానించాలి.

ఇంకో సంగతి ఆయన భార్య నాతో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పింది. రెండేళ్ల కిందట ఎవరో చెబితే మందుల షాపులో డైసల్ఫిరామ్ మాత్రలు కొని, ఆయనకు తెలియకుండా పొడి చేసి కూరలో కలిపింది. ఆ సాయంత్రం ఆయన తాగగానే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతి చేసుకుని రోడ్డు మీద పడిపోయాడు. బతికాడు. విషయం బయటపడ్డాక ఏడాది పాటు ఆమె చేతి అన్నం తినలేదు, హోటల్లోనే తిన్నాడు. ఆవిడ ఏడుస్తూ "చంపుదామని కాదండీ" అంది. నాకు తెలుసు. ఆ మాత్ర మద్యాన్ని మధ్యలో ఆపి, ఎసిటాల్డిహైడ్ అనే విషం ఒంట్లో పేరుకునేలా చేస్తుంది. తెలిసి వేసుకుంటే కాపలా కాస్తుంది, తెలియకుండా పెడితే ప్రాణం తీయగలదు. ఇంట్లో ఆడవాళ్లను ఆ పనికి దిగేంత ఒంటరితనంలోకి నెట్టిన పరిస్థితి మీద నాకు కోపం వస్తుంది గానీ, ఆవిడ మీద రాలేదు.

నా పొరపాటు

పన్నెండో రోజు డిశ్చార్జి చేశాం. గురుభవాని మాల తిరిగి వేశాడు. తాగాలనే గుంజుడు తగ్గడానికి అకాంప్రోసేట్ రాశాను, పూటకు రెండు చొప్పున రోజుకు మూడు పూటలు, మొత్తం ఆరు మాత్రలు. దీక్షలో ఒంటిపూట భిక్ష చేసేవాడు మూడు పూటలా మాత్రలు ఎలా మింగుతాడని నేను అడగలేదు. రెండు వారాల తర్వాత మా నర్సు ఫోన్ చేస్తే, ఆయన భార్య సంతోషంగా "మందు ఏమీ ముట్టడం లేదండీ, మాలలో ఉన్నాడుగా" అంది. నర్సు ఫైల్లో 'తాగడం లేదు' అని రాసింది. నిజమే, తాగడం లేదు. మాత్రలు కూడా వేసుకోవడం లేదు. మన భాషలో రెండింటికీ ఒకటే మాట. ఆ ఫోన్ తర్వాత నుంచి మా దగ్గర 'మాత్రలు' అనీ 'తాగుడు' అనీ విడివిడిగా అడుగుతున్నాం.

అసలు తప్పు అంతకంటే పెద్దది. మాల ఉన్నన్నాళ్లూ భయం లేదని ఇంట్లో వాళ్లతో పాటు నేనూ నిశ్చింతగా ఉన్నాను. మాల తీసిన రోజు మధ్యాహ్నం మూడింటికి ఎక్కడ ఉంటావు, ఎవరితో ఉంటావు, జేబులో ఎంత ఉంటుంది అని ఒక్క ప్రశ్న వేయలేదు.

డిసెంబరులో ఇంద్రకీలాద్రి మీద ఇరుముడి సమర్పించి, గిరి ప్రదక్షిణ చేసి, మాల తీసేశాడు. తిరిగొచ్చే ఆటోలోనే తోటివాళ్లు సీసా తీశారు. 41 రోజులు నిష్ఠగా ఉన్నాం కదా, ఈ రోజు మనదన్నారు. తర్వాత తొమ్మిది రోజులు ఆగకుండా తాగాడు. పదో రోజు గురుభవానీ, భార్యా మళ్లీ తీసుకొచ్చారు. ఈసారి మతి చెదరకముందే వచ్చాడు. ఏడు రోజుల పాటు లోరజిపామ్ మాత్రలు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చాం, ఏ గొడవా లేకుండా దిగింది. ఆ సంక్రాంతి ఆయనకు వార్డులోనే అయింది. ఆడపిల్లలు అరిసెలు తెచ్చారు.

మాలలో ఏముంది

పండగ మర్నాడు కూర్చోబెట్టి అడిగాను. "మాలలో ఉన్నప్పుడు ఎలా మానగలిగావు? భక్తి అని ఒక్క మాటలో చెప్పొద్దు. పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పు." గంటకు పైగా చెప్పాడు. నాకు దొరికిన చికిత్సా ప్రణాళికంతా ఆ గంటలోదే.

తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాడు, కాబట్టి రాత్రి తొమ్మిదింటికే నిద్ర. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా పూజ, భజన. మామూలు రోజుల్లో తాగేది సరిగ్గా ఆ వేళకే. ఎవరూ పొయ్యరు, అడగరు, 'మగాడివి కాదా' అని రెచ్చగొట్టరు. వద్దని చెప్పాల్సిన అవసరమే రాదు. ఇక చివరగా, తల దించుకుని చెప్పిన మాట: "మాలలో ఉన్నప్పుడు షెడ్డు ఓనరు కూడా నన్ను భవానీ అని పిలుస్తాడమ్మా. మా చిన్నది నా పక్కన కూర్చుంటుంది."

మాల తీసిన రోజు ఇవన్నీ ఒకేసారి పోతున్నాయి. వేళ ఖాళీ అవుతుంది, గుంపు మారుతుంది, పిలుపు మారుతుంది. దైవభక్తి తక్కువై మళ్లీ తాగాడని తిట్టే ముందు ఈ లెక్క చూడాలి.

ఒక్కొక్కటీ తిరిగి ఎలా కట్టుకోవాలో ఆయనే ఆలోచించాడు. శనివారం బట్వాడా తన చేతికి ఇవ్వొద్దని, భార్య ఫోన్‌కు వేయమని ఓనరుకు తానే చెప్పాడు. ఆటోనగర్ గేటు దగ్గర ఆగే గుంపును తప్పించుకోవడానికి అరగంట ముందే పనిలోకి దిగి, అరగంట ముందే బయటపడే ఏర్పాటు అడిగి తెచ్చుకున్నాడు. వారంలో రెండు సాయంత్రాలు ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల తెలుగు సమావేశం. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టిన పద్ధతి అది. మొదటి రోజు 'వీళ్లంతా నాకంటే ఘోరం' అని వచ్చేశాడు. నాలుగో వారానికి తన కథ చెప్పాడు. ఎవరైనా పొయ్యబోతే ఏమనాలో కూడా సాధన చేశాం. మానేశానంటే పందెం కాస్తారు. 'నాకు ఫిట్స్ వచ్చాయిరా, పడదు' అంటే ఎవరూ మాట్లాడరు. ఉన్న మాటే కాబట్టి నోటికి తేలిగ్గా వచ్చింది.

మిగిలిన సాయంత్రాలు చిన్న కూతుర్ని ట్యూషన్ నుంచి తీసుకొస్తానన్నాడు. భార్య ఒప్పుకోలేదు. తాగి ఆ పిల్లతో సహా బండి మీద నుంచి పడిన సంగతి ఆమె మర్చిపోలేదు. నేను నచ్చజెప్పే ప్రయత్నం చేయలేదు. నెల రోజులు ఆయన బండి తోసుకుంటూ, ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుని, ముగ్గురూ నడిచే వచ్చారు. ముప్పై నాలుగో సాయంత్రం ఆవిడ కూర తరుగుతూ తల ఎత్తకుండానే "ఇవాళ మీరు వెళ్లి తీసుకురండి" అందట. ఆ మాట నాకు చెప్పడానికి ఆయన అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చాడు.

మాత్ర, తడబాటు

రెండో నెలలో కాలేయం పరీక్షలు దారిన పడ్డాక ఆయనే అడిగాడు: "ఆ కూరలో కలిపిన మాత్ర రాయండి. ఈసారి నా చేతిలో పెట్టండి." గుండె, కాలేయం చూసుకుని, ఇద్దరి చేతా సంతకం పెట్టించుకుని డైసల్ఫిరామ్ 250 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. ప్రతి ఉదయం కాఫీ వేళకు ఆయనే షీటులోంచి తీసి ఆమె ముందు మింగుతాడు. ఒకప్పుడు ఇద్దరి మధ్య అన్నం ముద్దను విషం చేసిన మాత్ర అది. దగ్గు సిరప్పుల్లో, చేతులకు రాసుకునే శానిటైజర్లో కూడా ఆల్కహాల్ ఉంటుందని చెప్పాను. షెడ్డులో చెక్క పాలిష్‌కు వాడే స్పిరిట్, పెయింటు థిన్నర్ వాసన కూడా ఇబ్బంది పెట్టవచ్చని హెచ్చరిస్తే, పెయింటు వేసే వైపు పోవడం మానేశాడు.

మే నెలలో తల్లికి ఒంట్లో బాగోక భార్య పుట్టింటికి వెళ్లింది. ఎదురుగా మనిషి లేకపోయేసరికి మాత్ర ఆగింది. పదో రోజున ఒక బంధువుల పెద్దకర్మలో రెండు పెగ్గులు తాగాడు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా దాని పట్టు ఒంట్లో ఉంటుంది. ముఖం మండిపోయి, దడ పుట్టింది. రాత్రి ఒంటిగంటకు భార్యకు ఫోన్ చేసి "తాగాను" అని తానే చెప్పాడు. పొద్దున్నే నా దగ్గరికి వచ్చాడు. ఇరవై ఏళ్లలో తాగిన సంగతి ఎవరూ పట్టుకోకముందే ఆయన చెప్పడం అదే మొదటిసారని భార్య అంది. నా ఫైల్లో ఆ రోజును ఓటమి కింద రాయలేదు.

మళ్లీ కార్తీకం

మాల వేసుకోవచ్చా అని అడిగాడు. అప్పటికి ఆరు నెలలుగా చుక్క లేదు, కాబట్టి ఒంటికి ప్రమాదం లేదు. మాత్ర మాత్రం ఆపొద్దన్నాను. గురుభవాని "అది ప్రసాదంలాగే తీసుకో" అన్నాడు. మాల తీసే రోజుకు గంట గంటకూ ప్రణాళిక వేశాం. ఆ రోజు కొండ దిగి ఆటో ఎక్కకుండా గురుభవాని ఇంటికి నడిచి వెళ్లి అక్కడే భోంచేశాడు. సాయంత్రం ఆరింటికి మా ఆసుపత్రికి వచ్చి, పని ఏమీ లేకున్నా ఎనిమిదిన్నర దాకా వరండాలో కూర్చున్నాడు. భార్య, పిల్లలు వచ్చి తీసుకెళ్లారు. నలభై రెండో రోజు ఉదయం షెడ్డుకు వెళ్లాడు.

ఆ గురుభవానితో మాట్లాడి ఒక పద్ధతి పెట్టుకున్నాం. మాలలు వేసే గురువులందరికీ నా విన్నపం కూడా అదే. మాల అడిగిన మనిషిని, పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా, తాగితే గాని వణుకు ఆగదా, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని అడగండి. అవునంటే దీక్షకు కనీసం పది రోజుల ముందు డాక్టరు దగ్గరికి పంపండి. మాల వేశాక వణుకు, ఫిట్స్, తికమక మాటలు కనిపిస్తే హారతి కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎవరిని అడగాలో తెలియకపోతే టెలీ మానస్ 14416, వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఉన్నాయి.

పెద్దకర్మ నాటి తడబాటు తర్వాత ఇప్పటికి ఇరవై ఆరు నెలలు. మేస్త్రి మళ్లీ తాగలేదు. జీజీటీ మామూలుకు వచ్చింది, ఎర్ర కణాల సైజు 91. నడకలో తడబాటు కొంచెం మిగిలింది, అది పూర్తిగా పోకపోవచ్చని ఆయనకూ చెప్పాను. డైసల్ఫిరామ్ ఏడాదిన్నరకు ఆపేశాం.

కిందటి కార్తీకానికి పది రోజుల ముందు ఆయన మా ఓపీలో కూర్చుని ఉన్నాడు. పక్కన పాతికేళ్ల కుర్రాడు, షెడ్డులో హెల్పరు. కుర్రాడి చేతులు తొడల మధ్య దాచుకుని ఉన్నాయి. "వీడు మాల వేస్తానంటున్నాడు డాక్టరమ్మా. పొద్దున్నే వణుకుతున్నాడు. ముందు మీరు చూడండి, ఆ తర్వాతే గురువు గారి దగ్గరికి తీసుకెళ్తాను" అన్నాడు.